కుళాయి నీళ్లు తాగి బిడ్డ జబ్బుపడితే

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలోని ఒక చిన్న పట్టణం. మా వార్డుకు మూడు రోజులకొకసారి కుళాయి నీళ్లు వదులుతారు. నెల రోజులుగా మొదటి పావుగంట నీళ్లు పసుపు రంగులో, మురుగు వాసనతో వస్తున్నాయి. పోయిన వారం మా తొమ్మిదేళ్ల బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకుని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. మా వీధిలోనే మరో నలుగురు పిల్లలకు ఇలాగే అయింది. పురపాలక కార్యాలయంలో అడిగితే పైపులు పాతవి, నిధులు లేవు అన్నారు. నీటి పన్ను కట్టడం మానేద్దామని వీధివారు అంటున్నారు. మానేయవచ్చా? ఆసుపత్రి ఖర్చు రాబట్టుకునే దారి ఉందా? — ఒక గృహిణి

జవాబు: అమ్మా, పన్ను మాత్రం మానేయకండి. బకాయి పడితే కనెక్షన్ తొలగిస్తామని నోటీసు వస్తుంది. అప్పటి నుంచి మాట్లాడేది మీ బకాయి గురించే తప్ప మీ బాబు జబ్బు గురించి కాదు. పైగా డబ్బు తీసుకుని నీళ్లు ఇచ్చారనడానికి ఆ రసీదే మీ చేతిలో ఉన్న గట్టి కాగితం. పాత రసీదులన్నీ వెతికి ఒకచోట పెట్టండి.

నిధులు లేవన్న జవాబు చట్టం ముందు నిలవదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణవాసులు తెరిచి ఉన్న మురుగు కాలువల మీద పోరాడినప్పుడు అక్కడి పురపాలక సంఘం కూడా ఇదే మాట చెప్పింది. ప్రజారోగ్యం కాపాడే బాధ్యతను డబ్బు లేదన్న సాకుతో తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 1980లో తేల్చింది. కలుషితం కాని నీరు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఈ తీర్పులు మీకు అండ. కానీ ఇన్నేళ్లుగా ఇలాంటి ఫిర్యాదులు చూస్తున్నవాడిగా చెబుతున్నాను: హక్కు ఉందా అన్న దగ్గర ఎవరూ ఓడిపోవడం లేదు, ఆ రోజు ఆ కుళాయిలో చెడ్డ నీళ్లే వచ్చాయని చూపలేక ఓడిపోతున్నారు. జబ్బు తగ్గి, పైపుకు మాటు వేసి, నీళ్లు తేటపడ్డాక చూపడానికి ఏమీ మిగలదు.

అందుకే ముందు నమూనా. మామూలు నీళ్ల సీసాలో పట్టుకెళితే పనికిరాదు. ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రం నుంచి గానీ, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాల నుంచి గానీ క్రిములు లేకుండా శుద్ధి చేసిన ఖాళీ సీసా తెచ్చుకోండి. సంపులోంచి, డ్రమ్ములోంచి కాకుండా నేరుగా వీధి పైపు నుంచి వచ్చే కుళాయి దగ్గరే పట్టాలి. సంపు నీళ్లు పరీక్షిస్తే 'మీ సంపు కడుక్కోలేదు' అని ఒక్క మాటతో కొట్టేస్తారు. ఇద్దరు ఇరుగుపొరుగువారిని పక్కన నిలబెట్టి, తేదీ, సమయం రాసి వారి సంతకాలు తీసుకోండి. వీలైతే వార్డు సచివాలయం ఉద్యోగిని కూడా పిలవండి. రాకపోతే పిలిచామని రాయండి. సీసాను మంచులో పెట్టి అదే రోజు అందించండి. వీడియో తీస్తే ఆ ఫోను జాగ్రత్త, తర్వాత కోర్టుకు ధ్రువపత్రంతో సహా ఇవ్వాల్సి వస్తుంది.

నివేదికలో ఏం చూడాలంటే, తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలి బ్యాక్టీరియా (మలం కలిసిందని చెప్పే క్రిమి) అసలు కనిపించకూడదు. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ ప్రమాణం పాటించలేదని నేరుగా శిక్షించే సెక్షన్ ఏదీ లేదు గానీ, నిర్లక్ష్యం తేల్చడానికి అందరూ చూపే కొలబద్ద అదే.

ఒక సంగతి మొహమాటం లేకుండా అడుగుతాను. మీ ఇంటి కనెక్షన్ పైపు మురుగు కాలువలోంచి వస్తోందా? కుళాయికి నేరుగా మోటారు బిగించారా? నీళ్లు లేని రెండు రోజుల్లో పైపు ఖాళీగా ఉంటుంది, పగులు ఉన్నచోట మురుగు లోపలికి చేరుతుంది. మోటారు వేస్తే మరింత లాగుతుంది. మొదటి పావుగంట నీళ్లు కంపు కొట్టడానికి కారణం చాలాచోట్ల ఇదే. వీధిలో ఏ ఇంట్లో మోటారు ఉన్నా ఈ రోజే తీసేయించండి. లేకపోతే తప్పంతా మీ మీదికే తోస్తారు. అలాగని కుళాయి మాని బోరు నీళ్లకు మారకండి. మన జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ పాత శత్రువు. కాచినా పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది.

వైద్యుడి నుంచి డిశ్చార్జి పత్రం, బిల్లులు తీసుకోండి. మిగతా నలుగురు పిల్లల కాగితాలు కూడా కలపండి. ఒకే వారంలో ఒకే పైపు మీద ఐదు ఇళ్లలో జబ్బు అన్నది పెద్ద సాక్ష్యం. పట్టణ ఆరోగ్య కేంద్రానికి రాతపూర్వకంగా తెలియజేస్తే వారు వచ్చి విచారించి రాసే నివేదిక మనం రాసుకున్న వంద అర్జీల కంటే విలువైనది.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. మూడు నెలలుగా మీ వార్డులో క్లోరిన్ పరీక్షల రిజిస్టరు, ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన తేదీలు, పైపు మరమ్మతుల వివరాలు అడగండి. ప్రాణానికి సంబంధించిన సమాచారమని 7(1) సెక్షన్ పేర్కొంటూ 48 గంటల్లో ఇవ్వమని రాయండి. ఒప్పుకోకపోయినా 30 రోజుల గడువు ఎలాగూ ఉంది.

పైపు వెంటనే బాగుపడాలంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి, దానితోపాటు ఆర్డీవోకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ (ప్రజలకు బెడదగా మారినదాన్ని తొలగించమని ఆదేశించే అధికారం) కింద దరఖాస్తు పెట్టండి. రత్లాం కేసు నడిచింది దీని పాత రూపమైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ మీదే.

ఆసుపత్రి ఖర్చుకు, పరిహారానికి నా సలహా శాశ్వత లోక్ అదాలత్. ప్రజలకు నీటి సరఫరా దాని పరిధిలోకి వస్తుంది. కోర్టు ఫీజు లేదు, కోటి రూపాయల దాకా అడగవచ్చు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తీర్పు చెబుతారు. దాని మీద మామూలు అప్పీలు ఉండదు. ఒకసారి అక్కడ దరఖాస్తు వేశాక అదే వివాదాన్ని మరో కోర్టుకు తీసుకెళ్లలేరు, ఆలోచించి వేయండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని కొందరు చెబుతారు గానీ, పన్ను కట్టినవారు వినియోగదారులా కాదా అన్న వాదనతోనే అక్కడ ఏడాది గడిచిపోతుంది. హైకోర్టులో రిట్ (అధికారులను ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు, కానీ అమరావతి దాకా తిరగడం మీకు భారం, సాక్ష్యాల తగువు ఉన్నచోట రిట్ అంత సులభంగా నిలవదు. మిగతా దారులన్నీ మూసుకుపోతేనే అటు చూడండి.

జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఐదు కుటుంబాల తల్లులూ కలిసి వెళ్లండి. అంతకన్నా ముందు, మళ్లీ నీళ్లు వదిలే రోజు ఎప్పుడో చూసుకుని సీసా తెచ్చిపెట్టుకోండి.