ఇంగ్లీషు రీడింగ్ క్లాసు పరిశీలనలో ఏం చూడాలి?

బి.ఎడ్. పరిశీలన రికార్డు కోసం ఇంగ్లీషు రీడింగ్ క్లాసులో కూర్చున్నప్పుడు ఏయే అంశాలు గమనించాలని మీరు అడిగారు. టీచరు ఏం చేస్తున్నారన్నదాని కన్నా, దానివల్ల పిల్లల కళ్లు కాగితం మీద ఎంతసేపు నిలుస్తున్నాయో చూడండని నా సలహా. విశాఖ వన్‌టౌన్‌లోని ఒక మునిసిపల్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి క్లాసు చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయమిది.

ఆ రోజు చదివించినది పాఠ్యపుస్తకంలోది కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు అమలయ్యే చేపల వేట నిషేధం గురించి మేడమ్ స్వయంగా రాసి, జిరాక్సు తీయించి తెచ్చిన ఒక పేజీ. ముందు తాను చదివి, తెలుగులో అర్థం చెప్పి, తర్వాత ఒక్కొక్కరినీ లేపి పైకి చదివించే అలవాటైన పద్ధతి జోలికి ఆమె పోలేదు. (ఆ పద్ధతిలో ఒకరు చదువుతుంటే మిగతావారు తమ వంతుకొచ్చే పేరా లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.) బోర్డు మీద రెండు ప్రశ్నలు రాసి, మౌనంగా చదవమన్నారు. నిషేధం ఎప్పుడు మొదలవుతుందన్న మొదటి ప్రశ్నకు పిల్లలు అంకెల కోసం పేజీని జల్లెడ పట్టి క్షణాల్లో జవాబిచ్చారు, బి.ఎడ్. పుస్తకాల్లో స్కానింగ్ అనేది ఇదే.

ఆ రెండు నెలలే ఎందుకన్న రెండో ప్రశ్న దగ్గర అసలు పని మొదలైంది. వేటకెళ్లే ఇంటి కుర్రాడొకడు కాగితం వైపు చూడకుండానే, "అది చేపలు గుడ్లు పెట్టే కాలం మేడమ్" అన్నాడు. జవాబు సరైనదే. అయినా ఆమె మెచ్చుకుని వదిలేయకుండా, "ఆ సంగతి ఏ లైన్లో ఉందో చూపించు" అన్నారు. అతను వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్లి, 'బ్రీడింగ్ సీజన్' అన్న చోట ఆగి, ఆ వాక్యం మొత్తం తడబడుతూ చదివాడు. తెలిసిన విషయం ఇస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది గానీ, చదవకుండానే జవాబు చెప్పే వీలూ దొరుకుతుంది. లైను చూపించమన్న ఒక్క మాటతో ఆమె ఆ దారి మూసేశారు. జవాబు తెలుగులో చెప్పనివ్వడాన్ని కొందరు తప్పుపడతారు. అక్కడ పరీక్షిస్తున్నది చదివి గ్రహించడాన్నే తప్ప మాట్లాడటాన్ని కాదు కాబట్టి, నాకది సబబే అనిపించింది.

చివరి భాగం మాత్రం తేలిపోయింది: రాతపనికి సమయం చాలక మేడమే జవాబులు బోర్డు మీద రాసేశారు, పిల్లలు దించుకున్నారు. అలాంటివి కనిపిస్తే మొహమాటపడకుండా రికార్డులో రాయండి. పరిశీలన పత్రంలో నల్లబల్ల వినియోగానికి, కంఠస్వరానికి గడులుంటాయి గానీ, ఎవరు చదివారు, ఎవరు పక్కవాడిది చూసి రాశారు అన్నదానికి ఉండవు. అందుకే వెనక గోడకు ఆనుకుని కాకుండా, పిల్లల కాగితాలు కనిపించేలా బెంచీల పక్కన కూర్చోవడం మంచిది.