ఆటగాళ్ల రక్షణ పేరుతో రిఫరీలు ఫుట్‌బాల్‌ను పాడుచేస్తున్నారా?

పై ప్రశ్న అడిగినవారి బాధలో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. బంతిని ముందుగా తాకిన డిఫెండర్‌కు రెడ్ కార్డ్ చూపించి బయటికి పంపిస్తున్నారన్నది మొదటిది. తలకు దెబ్బ తగిలి తూలుతున్న ఆటగాణ్ణి మాత్రం మళ్లీ మైదానంలోకి పంపిస్తున్నారన్నది రెండోది. నేను పదేళ్లపాటు సెలవు రోజుల్లో ఔత్సాహిక జట్ల మ్యాచ్‌లకు రిఫరీగా ఉన్నాను. అంతకుముందు డిఫెండర్‌గా ఆడాను. ఇప్పుడు టీవీ ముందు కూర్చుని అందరిలాగే రిఫరీలను తిడుతున్నాను. ఈ మూడు చోట్ల నుంచీ చూసినవాడిగా నాకు అనిపించేది ఏమిటంటే, మొదటి ఫిర్యాదులో న్యాయం తక్కువ, రెండోదానిలో చాలా ఎక్కువ. కానీ మన కోపమంతా మొదటిదాని మీదే ఖర్చయిపోతోంది.

ముందుగా "బంతికే తగిలింది కదా" అన్న వాదన సంగతి చూద్దాం. ఫౌళ్ల గురించి చెప్పే 12వ నియమంలో ఈ వాదనకు చోటు లేదు. అక్కడ ఉన్నవి మూడు మెట్లు. ఆటగాడు తగినంత జాగ్రత్త లేకుండా ప్రత్యర్థి మీదికి వెళితే అది ఫౌల్ మాత్రమే, కార్డు ఉండదు. ఎదుటివాడికి ప్రమాదమని లెక్కచేయకుండా వెళితే ఎల్లో కార్డ్, అంటే హెచ్చరిక. అవసరానికి మించిన బలం వాడినా, ఎదుటివాడి శరీరాన్ని అపాయంలో పడేసినా రెడ్ కార్డ్. కావాలని చేశాడా లేదా అని ఈ మూడింటిలో ఎక్కడా అడగరు. దెబ్బ తగిలిందా లేదా అని కూడా అడగరు. అభిమాని ఉద్దేశాన్ని చూస్తాడు, లేదా ఫలితాన్ని చూస్తాడు. రిఫరీ చూడవలసింది ఆ రెండింటి మధ్య ఉన్న అపాయాన్ని. ఒకే దృశ్యాన్ని చూసి స్టేడియంలో సగం మంది ఒక మాట, రిఫరీ మరొక మాట అనడానికి చాలాసార్లు కారణం ఇదే. కళ్లజోడు కొనిపెట్టడం వల్ల తీరే తగాదా కాదు.

నా అనుభవంలోని ఒక ట్యాకిల్ చెబుతాను. వాన కురిసి వెలిసిన మైదానం, మొదటి సగం చివరి నిమిషాలు. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర బంతి కోసం ఇద్దరు పరుగెత్తుతున్నారు, నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. డిఫెండర్ కాలు బారుగా చాచి, బూటు అడుగుభాగం ముందుకు పెట్టి జారుకుంటూ వచ్చాడు. బూటు అడుగున ఉండే స్టడ్స్ ముందు బంతికే తగిలాయి, ఆ తర్వాత బంతి మీదుగా జారి అవతలి జట్టు వింగర్ (అంచున ఆడే ఆటగాడు) కాలిని తాకాయి. ప్లాస్టిక్ చిట్లిన చప్పుడు వినిపించింది. నేను ఈల వేసి రెడ్ కార్డ్ తీశాను. "సార్, బంతి ఎక్కడికి పోయిందో చూడండి సార్!" అని ఆ డిఫెండర్ రెండు చేతులూ చాచి అరిచాడు. బంతి నిజంగానే అతను తన్నిన వైపే బయటికి పోయింది. పైగా పడిపోయిన వింగర్ అర నిమిషంలో లేచి కుంటకుండా నడిచాడు, దాంతో అందరి కోపం రెట్టింపయింది. వాడికేమీ కాలేదు కదా, మరి రెడ్ కార్డ్ దేనికని రెండు జట్ల కోచ్‌లూ అడిగారు. అవును, ఇద్దరూ అడిగారు.

విరామంలో ఆ వింగర్ తన మేజోడు కిందికి జార్చి చూపించాడు. మోకాలికి జానెడు కింద మూడు గుండ్రని ఎర్రటి గుర్తులు, కాలి ముందు ఎముకను కాపాడే ప్లాస్టిక్ షిన్‌గార్డ్ మధ్యలో నిలువునా ఒక పగులు. దెబ్బ తగిలిన క్షణంలో అతని కాలు గాలిలో ఉంది కాబట్టి వెనక్కి కొట్టుకుపోయింది. అదే కాలు నేల మీద గట్టిగా ఆనించి ఉంటే ఎముక నిలిచేది కాదు. ఆ తేడా అడుగులో పావు వంతు. అందులో ట్యాకిల్ చేసినవాడి నైపుణ్యం గానీ మంచితనం గానీ ఏమీ లేదు. నేను ఆడే రోజుల్లో ఇలాంటి ట్యాకిల్స్ చేసి, కార్డు పడితే ఇవే మాటలు అరిచినవాణ్ణే కాబట్టి, అతని మీద నాకు కోపం రాలేదని కూడా ఇక్కడే చెప్పాలి.

"ఆ రోజుల్లో ఇలాంటివి ఎవరూ పట్టించుకునేవారు కాదు, అందుకే ఆట బాగుండేది" అనే పెద్దలకు 1982 ప్రపంచకప్ సెమీఫైనల్ గుర్తుచేయాలి. సెవిల్‌లో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ ఆడుతున్నాయి. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన పాట్రిక్ బాటిస్టన్ బంతిని గోల్ వైపు తన్నిన తర్వాత, జర్మన్ గోల్‌కీపర్ హరాల్డ్ షూమాకర్ గాలిలోకి ఎగిరి తుంటితో అతని ముఖాన్ని ఢీకొన్నాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. రిఫరీ ఇచ్చిన తీర్పు గోల్ కిక్, అంటే బంతి జర్మనీకే. ఫౌల్ లేదు, కార్డు లేదు. 3-3తో ముగిసిన ఆ మ్యాచ్ పెనాల్టీ షూటౌట్‌లో అదే షూమాకర్ రెండు కిక్‌లు ఆపి తన జట్టును ఫైనల్‌కు చేర్చాడు. అంత వెనక్కి వెళ్లనక్కర లేదు, 2010 ప్రపంచకప్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు నైజెల్ డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు జాబి అలొన్సో ఛాతీ మీద పడితే రిఫరీ హోవార్డ్ వెబ్ ఇచ్చింది ఎల్లో కార్డ్. తనకు అడ్డం వచ్చినవారి వల్ల సరిగా కనిపించలేదనీ, అది రెడ్ కార్డేననీ ఆయన తర్వాత ఒప్పుకున్నాడు.

అలా కనిపించనివాటి కోసమే వీడియో రిఫరీ వచ్చాడు. 2018లో నియమావళిలోకి చేరిన వీఏఆర్ (వీడియో అసిస్టెంట్ రిఫరీ) పద్ధతి గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డ్, ఒకరి బదులు మరొకరికి కార్డు చూపడం అనే నాలుగు విషయాల్లో, అదీ స్పష్టమైన పొరపాటు జరిగినప్పుడు జోక్యం చేసుకోవడానికి ఉద్దేశించినది. ఇక్కడ అభిమానుల చిరాకులో నిజం ఉంది. స్లో మోషన్‌లో చూస్తే ప్రతి ట్యాకిల్ కావాలని చేసినట్టే ఉంటుంది; బొమ్మను ఆపి చూపిస్తే ప్రతి చీలమండా విరిగినట్టే ఉంటుంది. కాలు ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి మాత్రమే స్లో మోషన్ వాడాలనీ, ఎంత బలంగా తగిలిందో మామూలు వేగంలోనే చూడాలనీ ఆ పద్ధతిలోనే రాసి ఉంది. టీవీలో మనకు పదిసార్లు చూపించేది మాత్రం ఆపిన బొమ్మనే. పైన చెప్పిన నా రెడ్ కార్డ్ తీర్పు కూడా ఆపిన బొమ్మలో చూస్తే ఇంకా ఘోరంగా ఉండేదేమో. మామూలు వేగంలో, ఆ చప్పుడుతో కలిపి చూసినప్పుడే దాని అసలు బరువు తెలుస్తుంది.

రెండో ఫిర్యాదు దగ్గరకు వస్తే నా దగ్గర సమర్థన ఏమీ లేదు. 2014 ప్రపంచకప్ ఫైనల్‌లో జర్మనీ ఆటగాడు క్రిస్టోఫ్ క్రామర్ ముఖానికి అర్జెంటీనా డిఫెండర్ భుజం తగిలింది. అతను పది నిమిషాలకు పైగా ఆడాడు. ఆ మధ్యలో రిఫరీ నికోలా రిజోలీ దగ్గరకు వచ్చి, "ఇది ఫైనలేనా?" అని అడిగాడట. రిఫరీ ఆ సంగతి జర్మన్ ఆటగాళ్లకు చెప్పాకే అతను బయటికి వెళ్లాడు. ఆరేళ్ల తర్వాత, 2020 నవంబర్‌లో, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో వుల్వ్స్ ఆటగాడు రౌల్ హిమెనెజ్, ఆర్సెనల్ ఆటగాడు డేవిడ్ లూయిజ్ తలలు ఢీకొన్నాయి. హిమెనెజ్ పుర్రె పగిలింది. లూయిజ్ తలకు కట్టు కట్టుకుని, ఆ కట్టులోంచి నెత్తురు ఊరుతుండగా విరామం వరకూ ఆడాడు.

ఆ మరుసటి నెలలోనే, నియమాలు రాసే ఐఎఫ్‌ఏబీ కంకషన్ సబ్‌స్టిట్యూట్‌ను, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినవాడి బదులు మరొకణ్ణి దింపడాన్ని, ప్రయోగాత్మకంగా అనుమతించింది. 2024 నుంచి అది నియమావళిలో భాగమైంది, పోటీ నిర్వాహకులు కావాలంటే అమలు చేసుకోవచ్చు. అయితే అది శాశ్వతమైన మార్పు. ఒకసారి బయటికి వెళ్లినవాడు తిరిగి రాడు. అంటే డాక్టర్ మైదానం గడ్డి మీద, వేలమంది అరుస్తుండగా, రెండు మూడు నిమిషాల్లో తేల్చాలి. రగ్బీలో తలకు దెబ్బ తగిలినవాణ్ణి లోపలికి తీసుకువెళ్లి పరీక్షిస్తుంటే అతని స్థానంలో మరొకడు తాత్కాలికంగా ఆడుతుంటాడు, జట్టుకు నష్టం ఉండదు, డాక్టర్‌కు తొందర ఉండదు. ఫుట్‌బాల్‌లోనూ దీన్ని ప్రయత్నించనివ్వమని ప్రీమియర్ లీగ్ సహా కొన్ని లీగ్‌లు, ఆటగాళ్ల సంఘాలు కోరినా 2023లో ఐఎఫ్‌ఏబీ ఒప్పుకోలేదు. రిఫరీ మీద విసిరే తిట్లలో పదో వంతు ఈ నిర్ణయం మీద పడినా బాగుండేది.

నేను చేసిన తప్పు ఇక్కడిదే. ఒక కార్నర్ కిక్‌కు ఇద్దరు ఎగిరి తలలు కొట్టుకున్నారు. ఒకడి కనుబొమ పగిలి నెత్తురు కారింది, అందరం అతని చుట్టూ చేరాం. నెత్తురు కారుతున్న ఆటగాడు బయటికి వెళ్లి తీరాలని నియమం ఉంది, కాబట్టి నేను చేయవలసిన పని నాకు తెలుసు, చేశాను. రెండోవాడు ఒక మోకాలి మీద కూర్చుని, తర్వాత తనంతట తానే లేచాడు. దగ్గరకు వెళ్లి స్కోరు ఎంతో అడిగాను, సరిగా చెప్పాడు. "బాగానే ఉన్నాను సార్" అన్నాడు. ఆ మ్యాచ్‌కు డాక్టర్ లేడు. ఆట కొనసాగించాను. కొంతసేపటికి అతను నా పక్కగా వస్తూ, "ఇంకా ఎంతసేపుంది సార్?" అని అడిగాడు, చెప్పాను. నిమిషం కూడా గడవకముందే అదే గొంతుతో, అవే మాటలతో మళ్లీ అడిగాడు. అప్పుడు అతని కళ్లలోకి చూశాను. వెంటనే ఈల వేసి ఆట ఆపాను. టచ్‌లైన్ దాటగానే అతను వాంతి చేసుకున్నాడు. కొన్ని వారాలకు కోలుకున్నాడు గానీ, ఆ మధ్యలో అతను ఇంకో హెడర్‌కు ఎగిరి ఉంటే ఏమయ్యేదో నేను చాలాకాలం ఆలోచించాను. ఆటగాడికి తీవ్రమైన గాయమైతే ఆట ఆపి బయటికి పంపే అధికారం నియమం నాకు ఇచ్చింది. స్కోరు చెప్పగలిగాడు కదా అని నేనే దాన్ని వాడలేదు.

తీర్పుల పద్ధతే ఆటగాడి ఒంటికి ప్రమాదంగా మారిన సందర్భం ఇంకొకటి ఉంది, ప్రశ్నలో లేకపోయినా చెప్పక తప్పదు. వీఏఆర్ వచ్చాక, గోల్ పడే అవకాశం ఉన్నప్పుడు ఆఫ్‌సైడ్ (బంతి అందించిన క్షణంలో దాడి చేసేవాడు ప్రత్యర్థి డిఫెండర్లను దాటి ముందు ఉండటం) అని తెలిసినా లైన్ దగ్గరి అసిస్టెంట్ వెంటనే జెండా ఎత్తడం లేదు. దానికి కారణం ఉంది: జెండా పొరపాటున ఎత్తి ఆట ఆపితే పోయిన గోల్ తిరిగి రాదు, ఆగి చూస్తే వీడియోలో సరిదిద్దవచ్చు. కాగితం మీద ఇది బాగానే ఉంది. అయితే పరుగెత్తేవాడికి తాను ఆఫ్‌సైడ్ అని తెలియదు, అడ్డుకునేవాడికీ తెలియదు, ఇద్దరూ పూర్తి వేగంతోనే వెళతారు. 2021 మార్చిలో ఇలాంటి దాడిలోనే వుల్వ్స్ గోల్‌కీపర్ రుయి పాట్రీసియో తలకు సొంత జట్టు ఆటగాడి మోకాలు తగిలి స్ట్రెచర్ మీద వెళ్లాడు. 2025 మేలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ స్ట్రైకర్ తైవో అవోనియి ఆఫ్‌సైడ్ జెండా ఆలస్యమైన దాడిలో గోల్‌పోస్ట్‌ను ఢీకొన్నాడు. పొట్టలో తగిలిన దెబ్బకు ఆపరేషన్ చేసి, మందులతో కోమాలో ఉంచవలసి వచ్చింది. అక్కడ దక్కవలసిన గోలూ లేదు, కాపాడవలసిన న్యాయమూ లేదు. అనుమానం ఉంటే ఆగమనండి, కానీ స్పష్టంగా రెండు గజాలు ముందున్నవాడికి జెండా వెంటనే ఎత్తడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. దానివల్ల ఏడాదికి ఒకటో రెండో గోల్స్ అన్యాయంగా పోయినా పోనివ్వాలి.

2020 అక్టోబర్‌లో లివర్‌పూల్ ఆటగాడు వర్జిల్ వాన్ డైక్ మోకాలి లిగమెంట్ తెగిన సంఘటనలోనూ జరిగింది ఇలాంటిదే. ఎవర్టన్ గోల్‌కీపర్ జోర్డన్ పిక్‌ఫోర్డ్ ట్యాకిల్‌కు ముందు వాన్ డైక్ ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా అన్నదాని మీదే వీడియో గదిలో దృష్టి అంతా నిలిచిపోయింది. ఆఫ్‌సైడ్ అయితే పెనాల్టీ ఉండదన్నది నిజమే, కానీ ప్రమాదకరమైన ట్యాకిల్‌కు రెడ్ కార్డ్ ఇవ్వడానికి ఆఫ్‌సైడ్ అడ్డురాదు. గీత సరిగా గీశారు, కాలు సంగతి మరిచారు. అభిమానులు కోప్పడవలసిన చోటు ఇది.

ఆటగాళ్ల రక్షణ విషయంలో రిఫరీ ఏం చేయగలడో చూపించిన రోజు కూడా ఒకటుంది. 2021 జూన్‌లో యూరో మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఎవరూ తాకకుండానే కుప్పకూలినప్పుడు, రిఫరీ ఆంథొనీ టేలర్ క్షణాల్లో ఆట ఆపి వైద్యులను పిలిచాడు. గుండె ఆగిన మనిషి బతికాడు. అదే టేలర్‌ను మనం మిగతా రోజుల్లో ఏమేమి అన్నామో నాకూ గుర్తుంది, అందులో నా వాటా నాకుంది.

నా సంగతికి వస్తే, ఆ కార్నర్ కిక్ తర్వాత నేను మరో నాలుగేళ్లు ఈల పట్టుకున్నాను. తలలు ఢీకొన్న ప్రతిసారీ, లేచి నవ్వుతున్నవాణ్ణి కూడా, ఆ మ్యాచ్‌లో మళ్లీ అడుగుపెట్టనివ్వలేదు. ఏ కోచ్ కూడా నాకు కృతజ్ఞత చెప్పలేదు. ఇద్దరు మాత్రం, నేను అతి జాగ్రత్తతో ఆటను పాడుచేస్తున్నానని నిర్వాహకులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు.