పాఠకుల ప్రశ్నలు: ఆర్‌సీ ట్రక్కు మలుపులో మొరాయిస్తుంటే

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. అసలు బండిలో పదో వంతు ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ ఆర్‌సీ ట్రక్కును ఇద్దరం ఆదివారాలు మా కాలనీ పక్కనున్న మొరం నేల మీద నడుపుతుంటాము. కొన్న కొత్తలో చక్కగా తిరిగేది. ఇప్పుడు రిమోట్‌ను పూర్తిగా తిప్పినా ముందు చక్రాలు కాస్త ఆలస్యంగా కదులుతున్నాయి. వదిలాక మధ్యకు సరిగా రావడం లేదు, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు లాగుతోంది. 25 కిలోల బలమున్న సర్వో (స్టీరింగును తిప్పే చిన్న మోటారు) వేస్తే అన్నీ సర్దుకుంటాయని ఒక దుకాణంలో చెప్పారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: వేయించవచ్చు, కానీ ముందు చేయవలసిన పని వేరే ఉంది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు లాగుతోందని మీరు రాసిన మాటే అసలు సంగతిని పట్టిస్తోంది. సర్వో బలహీనపడితే సాధారణంగా చక్రం తక్కువగానో, నెమ్మదిగానో తిరుగుతుంది. వదిలిన ప్రతిసారీ ఒక్కో చోట ఆగుతోందంటే మాత్రం సర్వోకూ చక్రానికీ మధ్య ఎక్కడో లూజు చేరిందని మొదట అనుమానించాలి. ఆ లూజు అలాగే ఉండగా ఎంత ఖరీదైన సర్వో వేసినా, దాని కదలికలో మొదటి భాగం ఆ ఖాళీని దాటడానికే ఖర్చయిపోతుంది.

ట్రక్కును ఒక డబ్బా మీద ఎత్తి పెట్టి, రిమోట్, బండి రెండూ ఆన్ చేయండి. మీ అబ్బాయిని సర్వో హార్న్ (సర్వో ఇరుసుకు తొడిగిన చిన్న చేయి) వైపే చూస్తుండమని చెప్పి, మీరు ముందు చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని అటూ ఇటూ మెల్లగా కదపండి. హార్న్ కదలకుండా చక్రం మాత్రం కదిలితే అదంతా లూజే. ఇక హార్న్ దగ్గర నుంచి ఒక్కొక్క కీలు మీదా వేలు ఆనించి చూస్తూ రండి. నా దగ్గరున్న ట్రక్కులో టైరు అంచున దాదాపు 4 మిల్లీమీటర్ల ఊపు కనిపించినప్పుడు, అందులో ఎక్కువ భాగం రెండు చక్రాల కడ్డీలను కలిపే బెల్‌క్రాంక్ కింద ఉన్న ప్లాస్టిక్ బుష్‌లలోనే దొరికింది. విప్పి చూస్తే ఎర్రమట్టి నలిగి ముద్దయి, గుండ్రంగా ఉండవలసిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగిపోయి ఉంది. ఆ బుష్‌ల స్థానంలో బాల్ బేరింగులు వేయడమే ఈ బండ్లకు చేయగల మార్పులన్నిటిలోకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేదని నా అభిప్రాయం. పాత బుష్‌ను వెంట తీసుకొని రాణీగంజ్ వెళ్ళి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిపించి అదే కొలతకు బేరింగు అడగండి. కడ్డీల చివర ఉండే బాల్ కప్పులు వదులైతే కొత్తవి వేయండి. వాటికి నూనె మాత్రం రాయకండి, మన మొరం దుమ్ము నూనెకు అంటుకొని సానరాయిలా పనిచేస్తుంది.

తరువాత సర్వో సేవర్. చక్రం రాయికి తగిలినప్పుడు ఆ దెబ్బ సర్వో పళ్ళకు చేరకుండా మధ్యలో మింగేసే స్ప్రింగు అది. ట్రక్కును నేల మీద నిలిపి రిమోట్ తిప్పినప్పుడు హార్న్ పూర్తిగా తిరిగి, సేవర్ దగ్గర స్ప్రింగు విచ్చుకొని, చక్రాలు మాత్రం సగంలోనే ఆగిపోతే స్ప్రింగు మెత్తబడిందన్న మాట. గట్టి స్ప్రింగు వేయండి, లేదా బిగించే నట్ ఉంటే కొంచెం బిగించండి. సేవర్‌ను పూర్తిగా తీసేయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. రాళ్ళున్న నేల మీద నడిపే బండికి దయచేసి ఆ పని చేయకండి.

ఇన్ని చేశాక కూడా హార్నే నెమ్మదిగా తిరుగుతుంటే అప్పుడు సర్వో మార్చండి. 25 కిలోలంటే ఇరుసు మధ్య నుంచి 1 సెంటీమీటరు దూరంలో అంత బరువును నిలపగల బలమని అర్థం. హార్న్ పొడవు 2.5 సెంటీమీటర్లయితే దాని చివర మిగిలేది 10 కిలోలే. బలంతో పాటు వేగాన్నీ చూడండి, 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సమయాన్ని సర్వో వివరాల్లో ఇస్తారు. 0.20 సెకన్ల సర్వో నుంచి 0.10 సెకన్ల దానికి మారితే తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఈ రెండు అంకెలూ ఏ వోల్టేజీ దగ్గర ఇచ్చారో తప్పక చదవండి. 7.4 వోల్టుల దగ్గర 25 కిలోలున్న సర్వో 6 వోల్టుల దగ్గర అంత బలం చూపదు. పైగా పెద్ద సర్వో బిగుసుకున్న క్షణంలో కొన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బండి వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్‌లోని బీఈసీ (సర్వోకూ రిసీవర్‌కూ కరెంటు అందించే భాగం) అంత ఇవ్వలేకపోతే వోల్టేజీ పడిపోయి రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవర్ ఒక్క క్షణం ఆగిపోతుంది, బండి ఎవరి మాటా వినదు. నా బండి అలాగే మలుపు మధ్యలో నేరుగా ప్రహరీ గోడకు వెళ్ళి గుద్దుకుంది. కాబట్టి కంట్రోలర్ సామర్థ్యం చాలకపోతే వేరుగా ఒక బీఈసీ కూడా కొనండి. కోఠీ గుజరాతీ గల్లీలో విచారించండి. హార్న్ తొడిగే సర్వో ఇరుసు మీది పళ్ళ సంఖ్య కంపెనీని బట్టి 23, 24, 25గా ఉంటుంది గనుక హార్న్ దానికి సరిపోయేదే తీసుకోవాలి. బిగించే ముందు సర్వోకు కరెంటు ఇచ్చి, రిమోట్‌లో మధ్య స్థానాన్ని సర్దే ట్రిమ్‌ను సున్నా దగ్గర పెట్టి, అది మధ్యకు వచ్చాకే హార్న్ తొడగండి.

చివరగా చక్రాల కోణం. పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాల ముందు అంచులు ఒక డిగ్రీ మేర బయటికి తెరుచుకునేలా కడ్డీలను రెండు వైపులా సమానంగా సర్దితే మలుపులోకి బండి చురుగ్గా దూరుతుంది. అంతకు మించితే నేరుగా పోయేటప్పుడు ఊగులాడుతుంది. మెల్లగా నడిపినప్పుడు చిన్న వృత్తంలో తిరిగి, వేగంగా వెళ్ళినప్పుడు మాత్రమే బయటికి జారుతుంటే లోపం పట్టులో ఉంది. ముందు టైర్ల ముళ్ళు అరిగాయేమో చూడండి. మలుపుకు ముందు యాక్సిలరేటర్ వదలడం మీ అబ్బాయికి అలవాటు చేయండి, బరువు ముందుకు వచ్చి ఆ చక్రాలు నేలను పట్టుకుంటాయి.

ప్రశ్న: స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకుంటే సర్వో గుయ్‌మని మోగుతూనే ఉంటుంది. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: అవును. చక్రాలు ఆఖరుకు తగిలి ఆగిపోయినా సర్వో ఇంకా నెడుతూనే ఉందన్న మాట. అలా వదిలేస్తే మోటారు కాలిపోతుంది. రిమోట్‌లో ఈపీఏ అనే అమరిక (సర్వో ఒక్కో వైపు ఎంత వరకు తిరగాలో నిర్ణయించేది) ఉంటే, కుడికీ ఎడమకూ విడివిడిగా, మోత ఆగే వరకు కొంచెం కొంచెంగా తగ్గించండి. లేకపోతే రెండు వైపులా తిరుగుడును ఒకేసారి తగ్గించే డ్యూయల్ రేట్ గుండీని తగ్గించండి, లేదా కడ్డీని హార్న్‌లో ఇరుసుకు దగ్గరగా ఉన్న రంధ్రంలోకి మార్చండి.