ఆ ఉత్తరం రాసిపెట్టిందెవరు?

అమ్మాయీ,

నీ నవల మొదటి నాలుగు అధ్యాయాలూ చదివాను. మాటల పొందిక బాగుంది, సంభాషణలు ఇంకా బాగున్నాయి. పేచీ అంతా మూడో అధ్యాయంలో ఉత్తరంతోనే.

1875లో రాజమండ్రి పక్క పల్లెలో ఉన్న కోడలుపిల్ల, మద్రాసులో చదువుకుంటున్న మొగుడికి తన బెంగంతా రాసి కవరంటించి పంపేసింది. ఆ పిల్లకి రాయడం ఎవరు నేర్పారు? 1901 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు లేరు. అన్నదమ్ముల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాళ్లు ఎక్కడో ఉన్నారు, కాదనను. నీ కోడలు అలాంటిదైతే ముందే చెప్పాలి. కాకపోతే ఆ ఉత్తరం మరిదో, కరణంగారో రాసిపెట్టాలి. అత్తగారు గుమ్మం దగ్గరే ఉంటుంది. ఇక ఆ పిల్ల నోటివెంట ఏం వస్తుంది? ‘ఇచ్చట అందరం క్షేమం, మీ క్షేమములకు వ్రాయించవలెను’ అన్న వాక్యం, ఆవు ఈనిందన్న కబురు, అంతే. బెంగ సంగతి పాఠకుడు ఆవు కబురులోంచే పట్టుకోవాలి. కష్టమే, కానీ నువ్వు రాయగలవు.

సంబోధనల్లో పొరపడకు. పెద్దలకి మహారాజశ్రీ, వయసులో చిన్న ముత్తైదువకి చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, భర్త పోయినామెకి గంగాభాగీరథీ సమానురాలు. పైన చిరునామాలో ఆ సంబోధన చూస్తే చాలు, ఉత్తరం విప్పకుండానే ఆ ఇంటి ఆడమనిషి స్థితి తపాలావాడికి కూడా తెలిసిపోయేది! నాకైతే అది ఒళ్లు మండే సంగతి. నీ నవలలో ఆ మండే పని పాత్రలకి వదిలిపెట్టు, నువ్వు వ్యాఖ్యానించకు.

అశుభవార్త వచ్చే సన్నివేశాన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. అసలు నవలంతా అక్కడే ఉందని నాకనిపించింది. వాళ్లది బ్రాహ్మణ కుటుంబమన్నావు కదా. దాయాది పోయిన కబురు పదిరోజుల్లోపు చేరితే మిగిలిన రోజులే మైల. ఆ తర్వాత చేరితే మూడు రోజులు, ఏడాది దాటితే స్నానంతో సరి. అంటే ఇంట్లో ఎన్నాళ్లు మైల పట్టాలో తపాలా నడకే తేల్చేది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని రాలేదు. నీ కథా కాలానికి ఆ దారిలో రైలు లేదు, తపాలా సంచి మోసేది కాలినడక హర్కారాలే. వాగు పొంగితే సంచి ఒడ్డునే ఆగుతుంది. ఇప్పుడు పెళ్లి ముందురోజు అలాంటి ఉత్తరం పెద్దాయన చేతికి అందిందనుకో. విప్పితే మైల పట్టాలి, ముహూర్తం తప్పుతుంది. ఆయన్ని ఆ ఉత్తరంతో ఒక రాత్రంతా కూర్చోబెట్టు. అలాంటి ఉత్తరాలు చదివి చింపేసేవారు, అందుకే పాత పెట్టెల్లో పెళ్లిళ్లూ పొలం తగాదాలే ఎక్కువగా దొరుకుతాయి.

చిన్న చిన్నవి: 1854 నుంచి దూరంతో నిమిత్తం లేకుండా తేలికపాటి ఉత్తరానికి అర్ధణా. తపాలా బిళ్ల అంటించకపోతే పుచ్చుకునేవాడు రెట్టింపు కట్టాలి. డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి ఇలా బిళ్ల లేని బేరింగు ఉత్తరం తప్పక చేరుతుందని చాలామంది నమ్మకం. నీ నవలలో పిసినారి మామగారికి ఇది పనికొస్తుంది. ఆయన బావమరిది ఖమ్మంమెట్టులో ఉన్నాడన్నావు, అది నిజాం రాజ్యం. అక్కడ 1869 నుంచి తపాలా బిళ్లలు వేరు, వాటి చెల్లుబాటు ఆ రాజ్యం వరకే.

నాలుగో అధ్యాయంలో పోస్టుకార్డు తీసెయ్యాలి, అది 1879 జూలైలో వచ్చింది. లేదా కథనే ప్రమాది నామ సంవత్సరానికి (1879-80) జరుపు. పావు అణా కార్డు, వీధిలో ఎవరైనా చదివేసే కార్డు. మొగుడు మద్రాసు నుంచి ఏదైనా మెత్తగా ఒక ముక్క రాశాడా, ఆ పిల్ల నూతి దగ్గరికి వెళ్లడానికి ఎంత టెన్షన్ పడుతుందో ఆలోచించు. నేనైతే జరుపుతాను.

ముందు మూడో అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు. తక్కినవి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు