కుట్లు మానాక, చేయి వేసే ముందు

అమ్మలూ,

ఆపరేషన్ అయి 10 రోజులేగా, అప్పుడే మసాజ్ ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగావు. ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ చేసినదాన్ని చెబుతున్నాను, ఇప్పుడే కడుపు మీద చేయి వేయనివ్వకు. పైకి కనిపించేవి మూడు నాలుగు చిన్న కోతలే. లోపల ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది దాని బయట పెరిగే జబ్బు) తీసిన చోటల్లా ఇంకా పచ్చిగానే ఉంటుంది. మామూలుగా 6 వారాలైనా ఆగాలి, ఆ తర్వాత కూడా మీ సర్జన్ సరే అంటేనే. పేగు మీద కూడా ఆపరేషన్ జరిగి ఉంటే ఇంకా ఆగమనొచ్చు. డిశ్చార్జ్ కాగితాలు ఫిజియోథెరపిస్టుకి తప్పకుండా చూపించు. (భుజం నొప్పి పోయిందన్నావు, సంతోషం. అది ఆపరేషన్ అప్పుడు కడుపులో నింపిన గ్యాస్ వల్ల వచ్చేదే.)

ఈలోగా ఊపిరి మీద పని చెయ్యి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకో. పీల్చినప్పుడు పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి, పొత్తికడుపు మెత్తగా పైకి లేవాలి. వదిలేటప్పుడు కడుపు లోపలికి లాక్కోకు. ఇన్నాళ్లూ నొప్పికి బిగబట్టి బిగబట్టి కటి కండరాలకి, అంటే పొత్తికడుపు అడుగున ఉండేవాటికి, అదే అలవాటైపోయి ఉంటుంది. ఆపరేషన్ అయినంత మాత్రాన ఆ బిగుతు పోదు. అందుకే ఎవరో చెప్పారని కెగెల్ వ్యాయామాలు (ఆ కండరాల్నే బిగించి వదిలేవి) మొదలెట్టకు. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. ముందు వదలడం రావాలి.

మచ్చలు పూర్తిగా మానాక, బొడ్డు దగ్గరి మచ్చ పక్కన రెండు వేళ్లు ఆనించి చర్మాన్ని మెల్లగా జరిపి చూడు. ఒకవైపు సులువుగా జరుగుతుంది, ఇంకోవైపు పట్టేసినట్టు ఆగిపోతుంది. ఆగిన చోటే వేళ్లు నిలుపు, నొక్కకు. కాసేపటికి కింద మెత్తబడడం నీకే తెలుస్తుంది. రోజుకి 5 నిమిషాలు చాలు.

యోని లోపలి నుంచి కండరాలు వదులు చేసే పద్ధతీ ఉంది. ఫిజియోథెరపిస్టు గ్లవ్ వేసుకుని, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, నువ్వు ఒప్పుకుంటేనే చేయాలి. వద్దంటే ఆ క్షణమే ఆపాలి. కొత్తలో ఒకావిడ పిడికిళ్లు బిగించడం చూసి కూడా నేను ఆపలేదు. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఓర్చుకుంటేనే ఫలితం అనేవాళ్లనీ, లోపలి అతుకులు (అవయవాలు ఒకదానికొకటి అంటుకున్న చోట్లు) చేత్తో విడగొట్టేస్తాం, జబ్బు మళ్లీ రానివ్వం అనేవాళ్లనీ నమ్మకు. నొప్పి, బిగుతు తగ్గించడమే ఈ వైద్యం పని.

జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు లేదా చీము, ఎక్కువ రక్తస్రావం, పిక్క వాపు, వీటిలో ఏది కనిపించినా మసాజ్ మాట మరిచి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. దిండు సర్దుకుని పడుకో, ఊపిరి ఎలా తీస్తున్నావో చూస్తాను.

మీ పిన్ని