అట్లాస్ వదలని అమ్మాయికి జాగ్రఫీ చదివించొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది. ఖాళీ దొరికితే చాలు అట్లాస్ ముందేసుకుని కూర్చుంటుంది, పై చదువుల్లో జాగ్రఫీ తీసుకుంటానంటోంది. నాకు తెలిసిన జాగ్రఫీ అంటే రాజధానులు, నదుల పేర్లు బట్టీ పట్టడమే. దీంతో ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది. అసలు ఇందులో ఏముంటుంది? ఈ సెలవుల్లో తనకి ఎలా పరిచయం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. రాజధానుల పేర్లు గడగడా చెప్పినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, అంతవరకు మీ అనుమానం నిజమే. కానీ మీరు చదువుకున్న ఆ పాఠం గుమ్మం దగ్గరి మెట్టు లాంటిది. ఎక్కడుందో తెలిశాక, అక్కడే ఎందుకుంది, దానివల్ల ఇంకోచోట ఏం జరిగింది అని అడగడం మొదలుపెట్టినప్పుడు అసలు సబ్జెక్టు మొదలవుతుంది.

బడిపిల్లలకు దీన్ని పరిచయం చేయడానికి 1984లో అమెరికాలో జాగ్రఫీ టీచర్ల సంఘం, జాగ్రఫీ పరిశోధకుల సంఘం కలిసి ఐదు అంశాలు అనుకున్నాయి: ఉనికి, ఆ చోటి స్వభావం, మనిషికీ ప్రకృతికీ మధ్య సంబంధం, కదలిక, ప్రాంతం. ఇప్పటికీ చాలామంది టీచర్లు వీటితోనే మొదలుపెడతారు. అయితే ఐదింటికీ ఐదు నిర్వచనాలు చెప్పామనుకోండి, పిల్లలు వాటినీ బట్టీ పట్టేస్తారు. అందుకే నేను ఒకే చోటు తీసుకుని ఐదూ దానిమీదే చూపిస్తాను. మీ అమ్మాయిని అట్లాస్‌లో మధ్య ఆసియా పేజీ తీసి అరల్ సముద్రం ఎక్కడుందో వెతకమనండి.

ఆ అట్లాస్ ఎప్పుడు అచ్చయిందన్న దాన్నిబట్టి ఆ సముద్రం ఆకారమే మారిపోతుంది. 1960 నాటి మ్యాపులో అది ప్రపంచంలోనే నాలుగో పెద్ద సరస్సు, ఇప్పటి మ్యాపులో ఉత్తరాన ఓ చిన్న నీలి ముక్క, పడమటి అంచున సన్నటి చార. పేరుకే సముద్రం, నిజానికి ఉప్పునీటి సరస్సు. చుట్టూ ఎడారి, అందులోంచి బయటికి పోయే నది ఒక్కటీ లేదు, పామీర్ కొండల నుంచి అము దర్యా, తియాన్‌షాన్ కొండల నుంచి సిర్ దర్యా మోసుకొచ్చే నీళ్లే దానికి ఆధారం. వచ్చే నీరెంత, ఎండకు ఆవిరయ్యేదెంత అన్న లెక్కమీదే అది అన్ని వందల ఏళ్లూ నిలబడింది. చూశారా, ఉనికి, చోటి స్వభావం రెండూ ఇక్కడే వచ్చేశాయి.

సోవియట్ ప్రభుత్వం ఆ ఎడారిలో పత్తి పండించాలని రెండు నదుల నీళ్లనీ పెద్ద ఎత్తున కాలువలకు మళ్లించింది, అవి చాలావరకు మట్టి కాలువలు కావడంతో పొలం చేరకముందే బోలెడు నీళ్లు ఇంకిపోయేవి. పత్తి పండింది, సరస్సు ఎండింది. మనిషికీ ప్రకృతికీ మధ్య సంబంధం అంటే ఇదే. ఉజ్బెకిస్తాన్‌లో మోయ్నాక్ అని ఒకప్పుడు చేపల రేవు ఉండేది, చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ కూడా ఉండేది. ఇప్పుడు ఆ ఊరి పక్కన తుప్పు పట్టిన పడవలు ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి, వాటి చుట్టూ పొదలు మొలిచాయి, కనుచూపు మేరలో నీళ్లు లేవు. ఆ ఫొటో ఒకటి మీ అమ్మాయికి చూపించి, ఇంకేమీ చెప్పకుండా, ఈ పడవలు ఇసుకలోకి ఎలా వచ్చాయని అడగండి. నీళ్లే వెళ్లిపోయాయని తనంతట తాను తేల్చుకుంటే ఆ పాఠం ఇక మర్చిపోదు.

తర్వాత కదలిక. ఎండిన అడుగుభాగం నుంచి ఉప్పు, పొలాల నుంచి కొట్టుకొచ్చి చేరిన పురుగుమందులు గాలికి లేచి దూరదూరాలకు వెళ్లాయి, వేట లేక జాలరి కుటుంబాలు ఊళ్లు వదిలిపోయాయి. ఇక ప్రాంతం అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ నదులు కొత్త దేశాల మధ్య పడ్డాయి. ఎగువన ఉన్న కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్‌లకు చలికాలంలో కరెంటు కోసం నీళ్లు వదలాలి, దిగువ దేశాలకేమో అదే నీరు ఎండాకాలంలో పంటకు కావాలి. నది గీసిన హద్దు ఒకటి, దేశాలు గీసుకున్న హద్దు ఇంకొకటి, గొడవంతా అక్కడే. కజకిస్తాన్ వైపు 2005లో కోక్-అరల్ ఆనకట్ట పూర్తయ్యాక ఉత్తరపు ముక్కలో నీటిమట్టం పెరిగి చేపలు తిరిగొచ్చాయి, దక్షిణానికి ఆ అదృష్టం దక్కలేదు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఇదే కథలో ఎంతమందికి పనుందో చూడండి. సరస్సు ఏటా ఎంత తగ్గిందో ఉపగ్రహ చిత్రాల్లో కొలిచేవాళ్లది రిమోట్ సెన్సింగ్. నదిలో ఎంత నీరొస్తుందో లెక్కగట్టేది హైడ్రాలజీ. దేశాల మధ్య నీటి ఒప్పందాలకు సలహా ఇచ్చేవాళ్లు, వలస వచ్చినవాళ్లకు ఊళ్లు ప్లాన్ చేసేవాళ్లు కూడా ఉంటారు. వీళ్లందరూ వాడే పనిముట్టు జీఐఎస్ (జియోగ్రాఫిక్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్). అదేమిటో అర్థం కావాలంటే 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసిన పని చూడాలి. చనిపోయినవాళ్ల ఇళ్లను మ్యాపు మీద నల్లగీతలతో గుర్తించి, వీధి పంపులు ఎక్కడున్నాయో కూడా చూపించాడు, గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడాయి. జీఐఎస్ అంటే ఇలా ఒక సమాచారం మీద ఇంకో సమాచారం పరిచి చూడటమే, కాకపోతే కంప్యూటర్లో, లక్షల చుక్కలతో.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. జాగ్రఫీ డిగ్రీ ఒక్కటే చేతబట్టుకుని బయటికొస్తే ఉద్యోగానికి కష్టపడాల్సి వస్తుంది. దానికి గణాంకాలు, కాస్త పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఒక జీఐఎస్ సాఫ్ట్‌వేర్ తోడవ్వాలి. లెక్కలంటే భయముంటే ఇప్పుడే, ఈ వయసులోనే పోగొట్టుకోమనండి, మ్యాపుల మీద ప్రేమ ఉంటే చాలు అన్న సలహా మాత్రం నేనివ్వను. క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. 1972 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు కూడా 2008 నుంచి అందరికీ ఉచితమే.

ఈ సెలవుల్లో క్లాసులేమీ పెట్టించకండి. తనకు నచ్చిన చోటు ఒకటి ఎంచుకుని, పాత ఉపగ్రహ చిత్రం, కొత్తది పక్కపక్కన పెట్టి, ఏం మారింది, ఎందుకు మారింది, దానివల్ల ఎవరికి ఏమైంది అని ఒక్క పేజీ రాయమనండి. చోటు ఏదైనా పర్లేదు, సింగపూర్ తీరం, అమెజాన్ అడవి, కరుగుతున్న హిమానీనదం, ఏదైనా. రాసేటప్పుడు తను నీరు, మట్టి, వాతావరణం దగ్గర ఆగుతోందా, మనుషుల దగ్గర ఆగుతోందా అన్నది మీరు పక్కనుండి గమనించండి. ఆ పేజీ నాకు పంపితే భౌతిక భూగోళం వైపు వెళ్లాలా, మానవ భూగోళం వైపు వెళ్లాలా, పక్కన ఏ సబ్జెక్టులు తీసుకోవాలి అన్నది తనతోనే మాట్లాడతాను.