డ్రెడ్స్ జారిపోతున్నాయా? కుదుళ్ల దగ్గర చూడండి

ప్రశ్న: మాది విజయవాడ పటమట. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో సింథటిక్ డ్రెడ్‌లాక్స్ (తాళ్లలా పేనిన కృత్రిమ జుట్టు పాయలు) తెప్పించి ఫ్రెండ్ చేత పెట్టించుకున్నాను. మధ్యకి మడిచి అల్లే డబుల్ ఎండెడ్ రకం. బాగున్నాయి గానీ రెండో రోజు నుంచే జారుతున్నాయి, మెడ దగ్గరివి మరీనూ. క్లాసులో ఒకటి ఊడి కింద పడింది! నా జుట్టు సన్నగా, నున్నగా ఉంటుంది. ఆదివారం అమ్మ కొబ్బరినూనె రాస్తుంది. స్కూటీ మీద వెళ్తాను కాబట్టి హెల్మెట్ తప్పదు. కుదుళ్లకి ఇన్‌స్టంట్ గమ్ చుక్క వేస్తే ఆగుతాయంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: గమ్ మాత్రం వద్దు తల్లీ. జుట్టులో గట్టిపడితే వదిలించడం చాలా కష్టం, కత్తిరించాల్సి రావొచ్చు. మాడుకి తగిలితే చర్మం పొక్కినా పొక్కుతుంది.

నేను గుంటూరు బ్రాడీపేటలో పెళ్లికూతుళ్లకి జడలు వేస్తుంటాను. డ్రెడ్స్ ఈమధ్యే నా చేతికొచ్చాయి గానీ సవరం కట్టడం పాత పనే. అక్కడైనా ఇక్కడైనా పట్టు కుదురు దగ్గర దొరకాలి. కొసన ఎన్ని బ్యాండ్లు చుట్టినా పైన వదులైతే జారుడే.

నీ సమస్యలో సగం నూనెదే. నూనె తలతో వచ్చి సవరం గట్టిగా కట్టమనే పెళ్లివారితో నాకు ఏటా ఇదే గొడవ! పైగా కొబ్బరినూనె తగిలితే లబ్బరు బ్యాండు మెత్తబడి సాగిపోతుంది. అందుకే అన్నీ తీసేసి మామూలు షాంపూతో రెండుసార్లు తలంటుకో. కండిషనర్, సీరమ్ వద్దు. పూర్తిగా ఆరాకే అల్లడం మొదలుపెట్టాలి.

పాపిడి తీసేటప్పుడు ఒక్కో గడి సుమారు రెండు సెంటీమీటర్లు ఉండాలి. నీ ఫ్రెండ్ బహుశా మరీ సన్నటి పాయలు తీసి ఉంటుంది. పాయని రెండుగా చీల్చి, డ్రెడ్ మడతని వాటి మధ్య కుదురుకి ఆనించి, ఆ రెండు చీలికలనీ మడత మీదుగా ఒకసారి అటుదిటు, ఇటుదటు మార్చాలి. అసలు తాళం ఈ మెలికే. వీడియోల్లో అర సెకను కూడా చూపించరు. తర్వాత డ్రెడ్ కొసలు రెండు పాయలు, రెండు చీలికలూ కలిపిన నీ జుట్టు మూడో పాయ. అలా నీ జుట్టు చివరిదాకా అల్లి, సన్నటి సిలికాన్ బ్యాండు వేసి, దానిపైన నల్ల నూలు దారం చుట్టి ముడెయ్యి. కిరాణా కొట్టు లబ్బరు బ్యాండ్లు వద్దు, జుట్టుని తెంపేస్తాయి.

మెడ దగ్గర పొట్టి వెంట్రుకలుంటాయి, చెమటా అక్కడే ఎక్కువ. కింది వరుస వదిలేసి దాని పైవరుస నుంచి పెట్టు, ఊడినా కనపడదు. కణతల దగ్గర నూగు జుట్టుకైతే నేను అసలు పెట్టను. బరువు లాగీ లాగీ అక్కడ పలచబడితే మళ్లీ రావడం కష్టం.

హెల్మెట్ కింద నడినెత్తిన ముడి వేయకు, హెల్మెట్ సరిగ్గా దిగదు. వెనక కిందుగా వదులుగా కట్టుకో. రాత్రి పల్చటి నూలు గుడ్డ చుట్టుకుని పడుకో.

తలంటు పొద్దున పూట పెట్టుకో. మగ్గులో షాంపూ కలిపి మాడుకే పట్టించి, తువ్వాలుతో పిండి ఫ్యాన్ కింద ఆరబెట్టు. తడి డ్రెడ్స్‌తో పడుకుంటే బరువుకి అల్లిక జారుతుంది, వానాకాలంలో ముక్కవాసన కూడా వస్తుంది. వేడి డ్రయ్యర్ పెడితే సింథటిక్ పోగు పాడవచ్చు. కొత్తవి దురద పెడితే కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, మంచినీళ్లతో బాగా కడిగి వాడు.

నెలకి జుట్టు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి కొన్ని వారాలకి అల్లిక కిందికి దిగినట్టుంటుంది. అది జారడం కాదు, టెన్షన్ పడకు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి తీసెయ్యాలి. పడుకుంటే కుదుళ్లు నొప్పెడుతున్నా, పొక్కులొచ్చినా ఆ రోజే తీసెయ్. విప్పినప్పుడు గుప్పెడు జుట్టు చేతికొస్తుంది. మామూలుగానే రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి కదా, అవన్నీ అల్లికలో చిక్కుకుని ఉంటాయి. తీశాక నెలరోజులు తలకి విశ్రాంతినివ్వు. మీ అమ్మగారు ఎంత నూనె రాసినా అప్పుడు నాకేం అభ్యంతరం లేదు.